రజోహరణము

యాదగిరిగుట్ట దిగువను, క్రొత్త వాహనములకు పూజలు జరుగుచోట, ఒక్క ఉదయమైనను నిలిచి చూచినవారికి ఆ దృశ్యము మరపునకు రాదు. వరుసగా నిలిపిన కార్లు, వాటి బానెట్ల మీద పసుపుతో దిద్దిన స్వస్తికములు, నడుమ కుంకుమబొట్లు, అద్దముల పైనుండి వ్రేలాడు బంతిపూల దండలు, చక్రముల క్రింద చితుకుటకు సిద్ధముగా నున్న నిమ్మకాయలు, కొబ్బరినీటితో తడిసిన నేల. కొన్నవాని కన్నులలో కొంత గర్వము, వాని తల్లి పెదవుల మీద నరసింహనామము. మా అన్న కుమారుడు తన సంపాదనతో తొలిసారిగా కొన్న నల్లని కారునకు అచ్చటనే పూజ చేయించెను. నేనును వెంట వెళ్లితిని. ఇల్లు చేరి మూడు దినములు గడచిన పిమ్మట, ఎండి పెచ్చులు కట్టిన పసుపును, పొడిపొడిగా నిలిచియున్న కుంకుమను చూచి, వాటిని తొలగించు పని నేనే చేయవలెనని తలచి, భుజము మీది ఖద్దరు కండువను తీసి, నీరు చల్లకయే, దేవుని గది గడపను తుడుచునంతటి శ్రద్ధతో, గుండ్రముగా రుద్ది రుద్ది తుడిచితిని. పసుపు పోయినది, కుంకుమయు పోయినది. అపరాహ్ణమున ఎండ ఏటవాలుగా పడినప్పుడు మాత్రము, నేను తుడిచిన మేరయంతయు సాలెగూడు పరచినట్లు సన్నని గీతలు వందలకొలదిగా మెరసినవి. పిల్లవాడు కోపగించుకొనలేదు. వ్రేలితో ఒకసారి తడిమి చూచి, "పోనీయ్ చిన్నాయనా, పూజ గురుతనుకుందాం" అనెను.

ఆ మాట నన్ను ఊరడింపలేదు. నా కండువ ఉతికినది. నా సంకల్పము నిర్మలము. చేసిన పని శౌచక్రియ. ఈ మూడును నిర్దుష్టములై యుండగా ఫలము గాయమెట్లయినది? మలినమును తొలగింపబోయి, ఆ మలినము చేయని హానిని నేను చేసితిని గదా! శుచిత్వమును కోరుటలో హింస యొకటి దాగియుండునా, ఉండినచో దానిని తప్పించు మార్గమేది, అను ప్రశ్న ఆనాటి నుండి నన్ను విడువలేదు. చిన్న వస్తువును పట్టుకొని పెద్ద ప్రశ్న నడుగుట మన పెద్దలకు క్రొత్త గాదు. కుండను, దారమును, అద్దమును పట్టుకొని వారు బ్రహ్మము దాక నడచినారు. నేనొక తుడుపుగుడ్డను పట్టుకొని నడువగలిగినంత దూరము నడిచెదను.

గీతలు పోవునేమో చూతమని, హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి మీద, చౌటుప్పల్ దాపున కార్లు కడుగు తావునకు బండిని తీసికొని పోయితిమి. అచ్చట పని చేయుచున్న కుర్రవానికి ఇరువదియేండ్లుండవచ్చును. అచ్చంపేట వైపువాడు, పాలమూరు బిడ్డ. బానెట్టును చూడగానే అతడు గీతలు ఎట్లు పడినవో గ్రహించెను.

"పొడిగుడ్డతోని తుడిసిన్రా సారూ? గుడ్డ గీసిన గీతలు గావివి. గుడ్డ కింద ఉన్న దుమ్ము గీసింది. ముందుగాల దుమ్ము వోవాలె, ఆ తర్వాతనే గుడ్డ ముట్టాలె."

ఈ రెండు ముక్కలలో ఉన్నంత తత్త్వము నాకు అనేక గ్రంథములలో కనబడలేదని చెప్పుటకు సంకోచింపను. కారు పైపూతలో రంగుమీద పారదర్శకమైన మరియొక పొర యుండును. అది సాధారణముగా 40, 50 మైక్రానుల మందము మాత్రమే. మా నల్లగొండ, పాలమూరు సీమల నేలయో, గ్రానైటు గుండ్లు యుగములతరబడి చితికి యేర్పడినది. ఆ చెల్కల ఎర్రదుమ్ములో పలుగురాతి రేణువులు కలిసియుండును. పలుగు ఇనుపకత్తిని సైతము గీయగల రాయి. అట్టి రేణువు గుడ్డకును పూతకును నడుమ చిక్కుకొనినప్పుడు, తుడుచువాని భక్తి యెంత గొప్పదో చేతి యొత్తిడియు అంత గట్టిదై, గీత యంత లోతగును. నా శ్రద్ధయే నా దోషమునకు బలమిచ్చినదని నాకప్పుడు తెలిసినది.

అతడు తన గుడ్డలను చూపెను. మైక్రోఫైబరు తువాళ్లని అందరును పిలుచునవి: నీలివి పైపూతకు, పసుపుపచ్చనివి లోపలి సీట్లకు, ఎర్రనివి చక్రములకు, ఒకదానిని మరియొకదాని చోట ఎన్నడును వాడడు. చక్రముల వద్ద బ్రేకుల నుండి రాలు ఇనుపరజను ఉండునట. దానిని పీల్చిన గుడ్డ ఎంత ఉతికినను మరల పైపూతకు పనికిరాదు. ఈ గుడ్డల నూలు పత్తి గాదు, ఉన్ని గాదు. పాలియెస్టరును, నైలాను జాతికి చెందిన పాలియమైడును ఎనుబదికి ఇరువది పాళ్లలోనో, డెబ్బదికి ముప్పది పాళ్లలోనో కూర్చి తీసిన పోగు. 9,000 మీటర్ల పోగు ఒక్క గ్రాము తూగినచో దానిని ఒక డెనియరందురు; ఈ పోగు అంతకంటెను సన్నము. ఇట్టి అతిసూక్ష్మ తంతువులను 1970లో జపానున తోరే సంస్థయందు మియోషి ఒకామోటో అను శాస్త్రజ్ఞుడు బట్టగా రూపొందించెను. మంచిరకము గుడ్డలలో ఆ పోగును పొడవునా చీల్చుదురు. చీలినపుడు దాని యడ్డుకోత గుండ్రముగా నుండక, కోసిన నారింజతొనలవలె అంచులుదేరి, నడుమ సందులేర్పడును. ధూళిని ముందుకు నెట్టక తనలోనికి తీసికొనగల శక్తి ఆ సందులది. నా ఖద్దరు కండువ దుమ్మును ఒకచోటి నుండి మరియొకచోటికి ఈడ్చినది. ఈ గుడ్డ దానిని తన కడుపులో పెట్టుకొనును.

కొనునపుడు చూడవలసినవి అతడే చెప్పెను. చదరపు మీటరునకు ఎన్ని గ్రాములు తూగునో గుడ్డమీద వ్రాసియుండును: రెండు మూడు వందలవి లోపలి భాగములకును అద్దములకును చాలును, మూడు నాలుగు వందలవి మైనపు పూతను దించుటకు, కడిగిన బండిని ఆర్చుటకు ఐదువందలును, ఆ పైవియు. మా నీరు ఉప్పుగలది, సున్నము గలది. కడిగి ఎండకు వదలినచో బిందువు బిందువున తెల్లని మచ్చ నిలుచును గనుక తడిని వెంటనే పీల్చు మందపు గుడ్డ ఈ సీమలో ఆడంబరము గాదు, అవసరము. అంచు కుట్టిన దారము గరుకుగా నున్న గుడ్డను తీసికొనరాదు; మూలనున్న చీటీని కత్తిరింపవలెను, ఏలయన అదియే గీయును. వాడునపుడు నాలుగు మడతలు పెట్టినచో ఎనిమిది ముఖము లేర్పడును; ఒక ముఖము మాసినపుడు మరియొకటి త్రిప్పవలెను. రుద్దవలదు; గుడ్డ తన బరువుతో తానే సాగిపోవలెను. "చెయ్యి బరువు వెయ్యొద్దు సారూ, గుడ్డ బరువే సాలు" అని అతడు నా చేతిని పట్టి చూపెను. ఇంతలో ఒక నీలిగుడ్డ జారి నేల మీద పడినది. అతడు దానిని తీసి దులుపనైనను దులుపక ఎర్రగుడ్డల బొక్కెనలో వేసెను: "అయిపాయె. ఇగ దీన్ని టైర్లకే."

నేను మడి పాటించు ఇంట పుట్టినవాడను. నేలబడిన బట్ట, పరులు తాకిన బట్ట మైలయని విన్నవాడను. ఈ కుర్రవాని నియమము బయటికి ఆ మడివలెనే కనబడినది. విచారించిన కొలది రెండింటి నడుమ ఎంత దూరమో తెలిసినది. ఆ గుడ్డను ఎవరు తాకిరని అతడు అడుగలేదు. ఆ గుడ్డలో ఏమున్నదని, అది దేనికి హాని చేయునని అడిగెను. తాకినవాని పుట్టుకను బట్టి నిర్ణయించు శుచి యొకటి. ఎవరికి గాయమగునో చూచి నిర్ణయించు శుచి మరియొకటి. మొదటిది ఎంత కఠినముగా పాటించినను ఒక రేణువును తొలగింపజాలదు. రెండవదే శౌచమని నా నిశ్చయము.

ఈ నిశ్చయమునకు శాస్త్రాధారము లేకపోలేదు. పతంజలి తన యోగసూత్రములలో శౌచమును నియమములలో మొదటిదిగా జెప్పెను. కాని నియమముల కంటె ముందు యమములను జెప్పెను. ఆ యమములలో మొదటిది అహింస. తక్కిన యమనియమము లన్నింటికిని అహింసయే మూలమనియు, అవి దానిని పరిశుద్ధము చేయుటకే యున్నవనియు వ్యాసభాష్యము వివరించుచున్నది. అనగా అహింసను దాటి శౌచము లేదు. గాయపరచు శుభ్రత, అది దేవాలయమున జరిగినను, వంటయింట జరిగినను, శౌచమను పేరునకు తగదు.

ఈ క్రమమును చేతిలో ధరించి తిరుగువారు మా సీమకు తరచు వచ్చుచుందురు. ఆలేరు సమీపమున కొలనుపాక జైనతీర్థము గలదు. అచ్చటికి కాలినడకను వచ్చు శ్వేతాంబర సాధువుల చేత ఉన్నిపోగుల కుచ్చె యొకటి యుండును. దాని పేరు రజోహరణము. కూర్చుండబోవు చోటును దానితో మెల్లగా త్రోచి, చీమయో పురుగో యున్నచో తొలగించి, పిమ్మట కూర్చుందురు. చీపురు చేయు పనియే అదియును చేయును. కాని చీపురు నేలను చూచుకొనును, రజోహరణము ప్రాణిని చూచుకొనును. అది ఉన్నితో మెత్తగా నుండుట అలంకారమునకు గాదు. చీమ కాలు విరుగకుండుటకు. మెత్తదనము ధర్మమునకు సంబంధించిన గుణమని నేను మొదట గ్రహించినది ఆ కుచ్చెను చూచియే.

అదే మాట బౌద్ధవాఙ్మయమున మరియొక కథలో వినబడును. మా ఫణిగిరి కొండమీద స్తూపములును విహారములును కట్టిన భిక్షువులకు ఆ కథ పరిచితమై యుండుననుట సాహసము గాదు. చుళ్లపంథకుడను భిక్షువు మందబుద్ధి. నాలుగు మాసములు శ్రమించియు ఒక్క గాథను కంఠస్థము చేయలేకపోయెను. భిక్షువేయైన అన్న మహాపంథకుడు విసిగి, సంఘమును విడిచి పొమ్మనెను. ఏడ్చుచు నిలిచిన అతనిని బుద్ధుడు చేరబిలిచి, చేతికొక తెల్లని గుడ్డముక్క నిచ్చి, తూర్పుముఖముగా గూర్చుండి దానిని చేతితో నిమురుచు 'రజోహరణము, రజోహరణము' అని పలుకుచుండుమని చెప్పెను. అతడు నిమిరిన కొలది, చేతి చెమటచే ఆ గుడ్డ మాసినది. ఇంత తెల్లని వస్త్రము నా మూలముననే గదా నల్లబడినదని అతడు చూచెను. చూచి, మార్పును గ్రహించెను. గ్రహించి, రజస్సనగా దుమ్ము గాదని, రాగద్వేషమోహములని బుద్ధుడు చెప్పగా, అర్హతుడయ్యెను. గాథలు నేర్పలేనిదానిని గుడ్డ నేర్పినది.

ఈ కథను చదివినవారందరును చుళ్లపంథకుని గూర్చి ఆలోచింతురు. నేను ఆ గుడ్డను గూర్చి ఆలోచించుచుందును. అతడు శుద్ధుడయ్యెను, అది మాసిపోయెను. దానిని పిమ్మట ఎవరైన ఉతికిరా?

తుడిచిన గుడ్డకు మురికి అంటకపోవు ఉపాయము లోకమున లేదు. శుద్ధిచేయుటయనగా మలినమును లేకుండ జేయుట గాదు. దానిని మరియొకచోటికి చేర్చుట. మన ముఖము తేటపడినప్పుడు దస్తీ మాసినది. గిన్నె మెరసినప్పుడు మసిగుడ్డ నల్లబడినది. మనము మెరసినదానిని చూచి సంతోషించి, మాసినదానిని మూలకు విసరుదుము. కారు తుడుచు గుడ్డల విషయమున ఈ నిర్లక్ష్యము వెంటనే ఫలించును: మాసిన గుడ్డను ఉతుకక మరునాడు వాడినచో, నిన్న పీల్చిన పలుగురజను నేడు గీయును. కావున ఉతుకుటయే సగము విద్య. పత్తి బట్టలతో కలుపరాదు, పత్తినూగు ఈ పోగులలో చిక్కుకొనును. గోరువెచ్చని నీరు, పలుచని ద్రవపు సబ్బు చాలును. బట్టలను మెత్తపరచు ద్రవములను పోయరాదు. అవి పోగుపై పూతవలె పరచుకొని, పీల్చుశక్తిని చంపును. తెలుపుచేయు మందు వలదు. ఇస్త్రీ అసలే వలదు. వేడికి పోగుల కొసలు కరగి బిరుసెక్కును. నీడను ఆరవేయవలెను. ఇదంతయు విన్నప్పుడు, రోగికి పథ్యము చెప్పునంత ఓపికతో ఆ కుర్రవాడు ఒక గుడ్డకు పథ్యము చెప్పుచున్నాడని నాకు తోచినది.

మెత్తదనము ఊరక రాదని మా పుట్టపాక నేతగాండ్రు ఎన్నడో ఎరుగుదురు. సంస్థాన్ నారాయణపురం మండలములోని ఆ యూర నేయు తేలియా రుమాలునకు, నూలును ఆముదపుకాయల బూడిదనీటిలోను నూనెలోను దినములతరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మరల నానబెట్టి, ఆ పిమ్మట చిటికి కట్టి రంగులద్దుదురు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. రుమాలనగా పారసీకమున ముఖమును తుడుచునదియని యర్థము. ముఖము తుడుచు గుడ్డకు ఇంత తపస్సు చేసిన సీమ యిది.

కాని గుడ్డకు మించి చెప్పవలసినది మనుష్యుని గూర్చి గలదు. మడియను మాటనే చూడుడు: మడియనగా ఉతికిన బట్ట. కన్నడమున మడివాళుడనగా చాకలి. మడిని చేయువాడు అతడే. మడి కట్టుకొనినవాడు అతనిని దూరముగా నిలుమనును. గుడ్డను మూలకు విసరినట్లే, లోకపు మురికిని తన చేతులకు తీసికొనినవానిని సంఘము మూలకు త్రోసినది. దీనికంటె గొప్ప అకృతజ్ఞత నాకు తెలియదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున, రాజైన బిజ్జలునకు సైతము వెరవని మడివాలు మాచయ్య కథను భక్తిపారవశ్యముతో చెప్పెను. చాకలిని భక్తాగ్రేసరుల నడుమ నిలిపెను. ఆ సోమనాథుని యూరుగా చెప్పుకొను పాలకుర్తియందే, అది నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో నున్న కాలమున, రజకుల బిడ్డయైన చిట్యాల ఐలమ్మ తాను కౌలునకు దున్నిన నేల పంటను విసునూరు దేశముఖునకు ఇయ్యనని నిలిచెను. దొరల గడీలలో ఆమె కులమువారు వెట్టిగా బట్టలుతికిన దినములవి. ఏడువందలేండ్ల యెడముతో ఒకే యూరి పేరు ఈ రెండు కథలతో ముడివడుట నాకు యాదృచ్ఛికముగా తోచదు. తుడుచువాని గౌరవమును గూర్చిన ప్రశ్న అచ్చట అంతకాలము ఉత్తరము లేక నిలిచియుండెనని తోచును.

ఇంకొక చిక్కు గలదు; దానిని దాచుట న్యాయము గాదు. శంకరుల ఆత్మబోధలో జ్ఞానమునకు చిల్లగింజ పోలిక చెప్పబడినది. చిల్లగింజను అరగదీసి బురదనీట కలిపినచో, అది మడ్డిని అడుగునకు దించి, తానును దానితోకూడ అణగిపోవును. జ్ఞానమును అట్లే అజ్ఞానమును తొలగించి తానును నిలువదు. శుద్ధిచేయు వస్తువునకు ఇంతకంటె ఉత్తమమైన అంతము లేదు. పత్తిగుడ్డ ఆ అంతమునకు దగ్గరది, చివికి మన్నగును. ఈ మైక్రోఫైబరు గుడ్డ చివుకదు. ఉతికినపుడెల్ల కంటికి కనబడని తునుకలు కొన్ని నీటిలో కలియును. ఆ నీరు మురుగుకాలువను బట్టి పోవును. హైదరాబాదు మురుగును మోయుచు మూసీ మా జిల్లా గుండ పారి, వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. ఆ సంగమమున జనులు స్నానము చేయుచున్నారు. నా కారు మెరుపునకు మూల్యము అంతదూరమున ఎవరు చెల్లించుచున్నారో ఆలోచింపక, గీత పడలేదని తృప్తిపడుట చిన్న అహింస. నేను చేయగలిగినది స్వల్పము: గుడ్డలను కొన్నిటినే ఉంచుకొని చిరకాలము వాడుచున్నాను; అన్నియు చేరినపుడే ఒక్కసారిగా ఉతుకుచున్నాను; ఆ నీటిని, జైనులు త్రాగునీటిని వడకట్టునట్లు, పాతపంచెను నాలుగు మడతలు వేసి దానిగుండ వంచుచున్నాను. మడతలో బూడిదరంగు నూగు కొంత నిలుచును. కొంత జారిపోవుననియు ఎరుగుదును.

క్రిందటి మాసమున మరల చౌటుప్పలు పోయితిని. వేపచెట్టు నీడను తీగమీద నీలిగుడ్డలు వరుసగా ఆరుచున్నవి. ఒక్కొక్కదానిని అతడు కొసలు లాగి సరిదిద్దుచున్నాడు. దినమంతయు షాంపూనీటిలో నానిన అతని అరచేతులు తెల్లబడి, వ్రేళ్ల కణుపుల వద్ద పగిలియున్నవి. "నీ చేతులు దేనితోని తుడుచుకుంటవు బిడ్డా?" అని అడిగితిని. "ఇవన్ని బండ్లవి సారూ" అని, చేతులను ప్యాంటుకు రాచుకొని, ఆరిన గుడ్డ నొకదానిని తీగమీది నుండి తీసెను. చీలిన పోగుల గుడ్డ గరుకుచర్మమును కొక్కెములవలె పట్టుకొనును. అది అతని బొటనవ్రేలి పగులునకు తగులుకొనినది. లాగివేయలేదు. పోగు తెగిపోవునేమోయని, వ్రేలిని మెల్లగా త్రిప్పుచు, దానిని విడిపించుకొనెను.